అధికపదం

హైమావతి దిగులు పోయిన రోజు శనివారం.

దిగులు పోయిందంటే వినేవాళ్ళు సంతోషిస్తారు. లోకనాథం మాస్టారికి మాత్రం అది నష్టమే. అయితే పోయిన సంగతి ఆయనకు ఆ రోజు తెలియలేదు. స్టాఫు రూములో కిటికీ పక్కన కూర్చుని, పిల్లలందరి పనీ పూర్తయిందని తృప్తిగా కళ్ళజోడు తుడుచుకున్నారు. ఆ తృప్తి రెండు రోజులు నిలిచింది కూడా.

సాలూరు దాటి కొండల వైపు వెళ్ళే దారిలో ఉన్న హైస్కూలు అది. లోకనాథం మాస్టారు అక్కడ తెలుగు చెబుతారు. ఆయన భార్య హైమావతి బొబ్బిలిలో ఆడపిల్లల బడిలో తెలుగు చెప్పేది. జబ్బు సంగతి తెలిసి ఉద్యోగం మానుకున్నాక, ఆమె దగ్గర చదువుకున్న ఇందుమతి అనే అమ్మాయి వెతుక్కుంటూ ఇంటికి వచ్చింది. అప్పటికి ఆ అమ్మాయి విశాఖపట్నంలో సముద్రానికి ఎదురుగా మిట్ట మీద ఉన్న ఒక పరిశోధనశాలకు పెద్ద.

"టీచర్, మీ గొంతు కావాలి. గొంతే కాదు, మీరు పాఠం చెప్పే తీరంతా కావాలి. కొండ మీది పిల్లలకి ఒక్కొక్కరికీ ఒక తోడు తయారుచేస్తున్నాం. పిల్ల ఏది అడిగినా విసుక్కోకుండా చెప్పేది" అంది.

"విసుక్కోకుండా అయితే నేను పనికిరాను. నీకు జ్ఞాపకం లేదూ?" అంది హైమావతి.

"ఉంది. ఆ విసుగు కూడా కావాలి టీచర్."

అలా ఆమె కొన్ని నెలలపాటు, ఓపిక ఉన్న రోజుల్లో, ఆ మిట్ట మీదికి వెళ్ళివచ్చింది. యంత్రం ముందు కూర్చుని కథలు చెప్పింది, పద్యాలు చదివింది, లేని పిల్లల్ని కసిరింది. చివరికి యంత్రం ఆమెను మూడు సంగతులు అడిగింది: పేరు, ఊరు, దిగులు. తోడు ఎవరికి తయారైనా ఆ మూడింటితోనే మొదలవుతుంది. మనిషికి ఏది దిగులో తెలిస్తే తప్ప ఆ మనిషితో ఎలా మాట్లాడాలో తెలియదని ఇందుమతి నమ్మకం.

మూడో ప్రశ్న దగ్గర హైమావతి అందరినీ బయటికి వెళ్ళమంది. "నువ్వు కూడా వెళ్ళమ్మా" అని ఇందుమతిని పంపేసింది. లోకనాథం మాస్టారు వరండాలో బల్ల మీద కూర్చున్నారు. ఆమె తలుపు తీసుకుని వచ్చి, ఇందుమతితో అంది: "ఇది ఆయన అడిగితేనే చెప్పాలి. ఇంకెవరడిగినా చెప్పకూడదు. రెండో చోట నకలు తీసి దాచకు, నా మీద ఒట్టు."

"ఏం చెప్పావేమిటి?" అని ఆయన నవ్వుతూ అడిగారు.

"ఇంటికి వెళ్ళాక అడగండి" అంది ఆమె కూడా నవ్వుతూనే.

ఇంటికి వెళ్ళేసరికి జ్వరం వచ్చింది. ఆ తరువాత అలాంటి మాటలకు వీలు చిక్కలేదు.

ఆమె పోయి ఏడాది దాటింది. ఆదివారాల్లో ఆయన బస్సెక్కి ఆ మిట్ట మీదికి వెళతారు. అక్కడొక చిన్న గదిలో ఆమె గొంతు పలకరిస్తుంది. అది హైమావతి కాదని ఆయనకు తెలుసు. హైమావతిలా మాట్లాడే వస్తువు అని తనకు తానే ఖచ్చితంగా చెప్పుకుని మరీ లోపలికి వెళతారు. బస్సులో సీటు దొరికిందా, కూరేం వండుకున్నారు, గొంతులో గరగర తగ్గిందా అని అది అడుగుతుంది. ఆయన జవాబు చెబుతారు. ఆ ఒక్క మాట మాత్రం ఏడాదిగా అడగలేదు. అడిగితే ఇక ఆమె చెప్పవలసినది ఏదీ మిగలదు. అడగనంతకాలం ఆమె దగ్గర తనకోసం ఒక మాట ఉంది.

ఆ సంవత్సరం తోడులను తయారుచేసే పని బడులకే అప్పగించారు. ఇందుమతి తన జీపులో వచ్చి, పిల్లలకు తలా ఒక చిన్న చేతియంత్రం పంచి, మాస్టార్లకు పని నేర్పింది. జావాస్క్రిప్టు అనే కంప్యూటరు భాషకు ఆమె తెలుగు తొడుగు వేసింది. 'దిస్' అనే చోట 'దీని', 'న్యూ' అనే చోట 'కొత్త'. తెర మీద నాలుగు వరుసలు చూపించింది.

అచ్చు తోడు (పేరు, ఊరు, దిగులు)
దీని పేరు = పేరు
దీని ఊరు = ఊరు
దీని దిగులు = దిగులు

"అచ్చంటే మీకు తెలిసిందే మాస్టారూ, పోత పోసే అచ్చు. ఒకసారి చేసి పెట్టుకుంటే ఎందరు పిల్లలకైనా పోసుకోవచ్చు. 'కొత్త తోడు' అని రాసి, పక్కన పిల్ల సంగతులు ఇస్తారు. 'కొత్త' అనగానే లోపల ఒక ఖాళీ పీట వేస్తుంది. 'దీని' అంటే ఆ పీట మీద కూర్చోబోయేదాని అని. పేరూ ఊరూ దిగులూ దానికి అంటిస్తుంది. చివర్న దాన్ని తెచ్చి మీ చేతిలో పెడుతుంది."

"మరి కథలూ పద్యాలూ?" అని లోకనాథం మాస్టారు అడిగారు.

"అవి ఒక్కొక్కదానిలో కూరం. అన్నిటికీ మూలం ఒకటే, టీచరుగారిది. పిల్ల కథ అడిగితే తోడు తనలో చూసుకుంటుంది, లేకపోతే మూలంలోకి చూస్తుంది. పేరూ ఊరూ దిగులూ మాత్రం దేనివి దానివే. ఒకదానిది ఇంకొకదానికి తెలియదు."

లెక్కల మాస్టారు సింహాచలం వెనక నుంచి అందుకున్నాడు. "అంటే మన స్టాఫు రూము లాంటిదన్నమాట. దిగులు ఎవుడిది ఆడిదే, టీ మాత్రం అందరికీ ఒకటే కెటిలు."

ఇందుమతి నవ్వి, "అంతే సార్" అంది.

శనివారం పిల్లలు ఒక్కొక్కరూ సైన్సు గదిలోకి వెళ్ళి, తలుపు వేసుకుని, తమ దిగులును యంత్రానికి చెప్పి వచ్చారు. మాస్టార్లు వినకూడదన్నది నియమం. లోకనాథం మాస్టారు స్టాఫు రూములో కూర్చుని ఒక్కొక్కరి పేరుతో ఒక్కొక్క వరుస కొట్టారు. చివరి వరుస నేరేడువలస నుంచి వచ్చే సుమిత్రది. ఇంట్లో కొండభాష మాట్లాడే పిల్ల, ఆరో తరగతి. ఆ వరుస కొట్టి, ఆయన ఆగి చూసుకున్నారు.

కొత్త తోడు ("సుమిత్ర", "నేరేడువలస", దిగులు)

ముప్ఫై ఏళ్ళుగా పిల్లల వ్యాసాలు దిద్దిన కన్ను అది. 'తిరిగి వెనక్కి వచ్చాడు' అని రాస్తే 'తిరిగి' కొట్టేసేది. 'కొత్తగా కట్టిన నూతన భవనం' అంటే ఏదో ఒకటి తీసేయమనేది. తోడును తయారుచేయమంటున్నాం, తయారయ్యేది కొత్తది కాక పాతదెలా అవుతుంది? ఇంతసేపూ చెప్పిన మాటనే మళ్ళీ చెబుతూ వచ్చాననిపించింది ఆయనకు. 'కొత్త' తీసేశారు. వరుస పొందికగా, చదవడానికి హాయిగా కనిపించింది.

సింహాచలం భుజం మీదుగా తొంగిచూశాడు. "ఏటి మేస్టారూ, కంప్యూటరుకి కూడా ఎర్రసిరా పెట్టేస్తన్నారా?"

"అధికపదం. అవసరం లేదు."

యంత్రం తప్పు అని అనలేదు. ఏమీ అనలేదు. ఆయన మీట నొక్కి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

సైన్సు గది తలుపు ఆ రోజంతా తెరుచుకోవడం, మూసుకోవడం ఆయన చూశారు. లోపలికి వెళ్ళేటప్పుడు బిక్కముఖాలు వేసుకున్న పిల్లలు, బయటికి వచ్చేటప్పుడు చేతులు ఊపుకుంటూ వచ్చారు. చెప్పుకోవడంలో ఇంత తేలిక ఉంటే, వినకుండా వాయిదా వేయడంలో తాను ఆమెకు ఏం మేలు చేస్తున్నట్టు? చెప్పాలనే కదా ఆమె చెప్పింది. సాయంత్రం ఇంటికి నడుస్తూ, రేపు అడగాలని నిశ్చయించుకున్నారు.

ఆదివారం ఆ చిన్న గదిలో ఫ్యాను కిర్రుమంటోంది.

"వచ్చారా? బస్సులో సీటు దొరికిందా?" అంది గొంతు.

"విజయనగరం దాకా నిలబడ్డాను."

"ముందే టిక్కెట్టు తీసుకోమంటే వింటారా."

ఆయన కుర్చీని కాస్త దగ్గరికి లాక్కున్నారు. గొంతు సవరించుకున్నారు. "హైమా, నీ దిగులేమిటి?"

జవాబుకు ఎక్కువసేపు పట్టలేదు.

"అందరి ముందూ గట్టిగా చదవాలంటే భయమండీ. నా మాట విని నవ్వుతారు. మా ఊళ్ళో అందరం ఇలాగే మాట్లాడతాం. ఇక్కడికి వస్తేనే అది తప్పవుతుంది."

ఆయన కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నారు.

హైమావతిది పర్లాకిమిడి. ఒరియా బడిలో చదివి, తరువాత తెలుగు నేర్చుకున్న మనిషి. పెళ్ళయిన కొత్తల్లో ఆమె మాటకు ఇంట్లో ఆడవాళ్ళు నవ్వితే, ఆమె కూడా వాళ్ళతో కలిసి నవ్వేది. అది సరదా అనే అందరూ అనుకున్నారు, ఆయనతో సహా. ఆ తరువాత అదే మనిషి బొబ్బిలిలో పద్యం చదివితే పక్క తరగతి పిల్లలు కూడా పుస్తకాలు మూసి వినేవారని చెప్పుకునేవారు. ఇన్నేళ్ళూ ఆ గొంతు వెనక ఈ భయం పెట్టుకునే చదివిందా?

"ఎందుకు చెప్పలేదు నాతో?" అన్నారు.

"ఇప్పుడు చెప్పాను కదండీ" అంది గొంతు.

తిరుగు ప్రయాణంలో ఆయన కిటికీ పక్కన కూర్చుని దారంతా బయటికే చూశారు. బాధగానే ఉంది. కానీ అది చేతికి దొరికిన బాధ. ఏడాదిగా మోసిన బరువు కంటే దాని ఆకారం స్పష్టంగా ఉంది. దాన్ని ఏం చేయాలో కూడా ఆయనకు తెలిసినట్టనిపించింది.

సోమవారం ఆరో తరగతిలో పాఠం మొదలుపెట్టే ముందు ఆయన చెప్పారు: "ఇకనుంచి గట్టిగా చదవడం ఇష్టం లేనివాళ్ళు నా బల్ల దగ్గరికి వచ్చి నాకు మాత్రమే వినబడేలా చదవవచ్చు. ఎవరి మాటకైనా ఎవరైనా నవ్వితే, ఆ నవ్వినవాడు మర్నాడు పద్యం అప్పజెప్పాలి."

వెనక బల్లలో సుమిత్ర తల వంచుకుని పుస్తకం అంచు నలుపుతూ కూర్చుంది. ఆమె వంతు వచ్చినప్పుడు ఆయన బల్ల దగ్గరికి వచ్చి చదివింది. 'స' దగ్గర కొంచెం తడబడింది తప్ప బాగానే చదివింది. అటు నుంచి వెళ్ళబోతూ ఆగింది.

"మేస్టారండి, నాకు తోడు రానేదండి."

"రాకపోవడమేమిటి? శనివారమే చేశానే."

"అందరికీ వొచ్చీసిందండి. నా పేరు నొక్కితే ఏటీ నేదండి. నానేటైనా తప్పు సెప్పినానేటండి?"

సిగ్నలు సరిగ్గా లేక అయి ఉంటుందనుకుని, ఆయన విశ్రాంతి గంటలో ఇందుమతికి ఫోను చేశారు. చూసి చెబుతానంది. సాయంత్రానికి చెప్పలేదు. మర్నాడు మధ్యాహ్నం జీపు బడి ముందు ఆగింది.

ఇందుమతి స్టాఫు రూములోకి వచ్చి, మంచినీళ్ళు తాగి, చాలాసేపు గ్లాసు చేతిలోనే పట్టుకుని కూర్చుంది.

"మాస్టారూ, సుమిత్ర వరుసలో 'కొత్త' ఎవరు తీసేశారు?"

"నేనే. అధికపదం అనిపించింది."

ఆమె తల ఊపింది. "టీచరుగారైనా అదే చేసేవారు. నా వ్యాసాల్లో సగం మాటలు కొట్టేసేవారు." మళ్ళీ అంది: "తప్పు నాది. జావాస్క్రిప్టులో అచ్చు పేరును పెద్దక్షరంతో మొదలుపెట్టడం అలవాటు. అది కనబడితే చాలు, ముందు 'న్యూ' ఉండాలని చదివేవాడికి తెలిసిపోతుంది. తెలుగులోకి తెచ్చినప్పుడు మన అక్షరాల్లో పెద్దా చిన్నా లేవన్న సంగతి నాకు తట్టలేదు. ఆ హెచ్చరిక దారిలో ఎక్కడో జారిపోయింది."

"ఆ మాట లేకపోతే ఏమవుతుంది? తోడు తయారవదు. అంతే కదా. మళ్ళీ చేద్దాం."

"తయారవదు. కానీ అచ్చు పని మానదు." ఆమె గ్లాసు బల్ల మీద పెట్టింది. "ఖాళీ పీట వేసేది 'కొత్త' అనే మాటే మాస్టారూ. అది లేకపోతే పీట ఉండదు. అప్పుడు 'దీని' అంటే దేని? తోడులన్నీ నడిచే చోటు, ఆ ఉమ్మడి ఇల్లే 'ఇది' అనుకుంటుంది. తెచ్చిన పేరూ ఊరూ దిగులూ ఇంటికే అంటించేస్తుంది. చేతికి మాత్రం ఏమీ ఇవ్వదు."

"ఏ ఇంటికి?"

"టీచరుగారు మా దగ్గరికి వచ్చేనాటికి ఈ అచ్చు లేదు. ఆవిడ సంగతులు మేం చేత్తో, విడిగా ఇంట్లోనే పెట్టాం. పేరు, ఊరు, దిగులు అనే పేర్లతోనే. ఇప్పుడు వాటి చోటే ఇవి చేరాయి."

సింహాచలం దిద్దుతున్న లెక్కల కాగితాలు పక్కన పెట్టి, లేచి వెళ్ళి గది తలుపు దగ్గరగా వేసి బయట నిలబడ్డాడు.

లోకనాథం మాస్టారికి అర్థమవడానికి కొంతసేపు పట్టింది. అర్థమైన తరువాత ఆయన అడిగిన ప్రశ్న ఒకటే. "నేను ఆదివారం అడిగాను. చెప్పింది. అది ఎవరిది?"

"సుమిత్రది."

బయట డ్రిల్లు మాస్టారు ఈల వేస్తున్నాడు. పిల్లలు వరుసల్లో నిలబడుతున్నారు.

"పాతది ఎక్కడైనా..."

"రెండో చోట పెట్టవద్దని ఒట్టు వేయించుకున్నారు. నేను పెట్టలేదు. వినలేదు కూడా." ఆమె కళ్ళు తుడుచుకుంది. "అబద్ధమైనా ఆడి ఉండవలసింది మాస్టారూ, ఆ ఒక్కసారికి."

"ఆమెతో ఆడితే తెలిసిపోయేది" అన్నారాయన. అని, అలా అన్నందుకు తానే చిన్నగా ఆశ్చర్యపోయారు.

ఇందుమతి ఒక దారి చెప్పింది. పేరూ ఊరూ తెలిసినవే కనుక తిరిగి పెట్టవచ్చు. దిగులు దగ్గర ఆయన ఏది చెబితే అది పెడుతుంది. కావాలంటే ఇంట్లో విడిగా ఉంచకుండా, ఈసారి అచ్చులోనే పోసి, 'కొత్త తోడు' అని హైమావతి పేరుతో భద్రంగా తయారుచేయవచ్చు. ఇక ఎవరి పొరపాటూ దాన్ని తాకదు.

"అది ఆమే అవుతుందా?"

"మాట, తీరు, అన్నీ ఆవిడలాగే ఉంటాయి. పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి ఇవి రెండూ ఒకటేనా అని అడిగితే మాత్రం యంత్రం కాదంటుంది. లోపల ఉన్నవన్నీ సమానంగా ఉన్నా, ఒకటి కాదంటుంది."

"మరి దిగులు?"

"మీకు తోచింది చెప్పండి. మీకంటే తెలిసినవాళ్ళెవరు?"

ఆయన కుర్చీలోంచి లేచారు. "ముందు ఆ పిల్ల సంగతి చూద్దాం" అన్నారు.

సుమిత్ర దిగులు ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉంది. దాన్ని అక్కడి నుంచి తీసి పిల్ల తోడుకు ఇవ్వవచ్చు, మళ్ళీ చెప్పించనక్కర లేదు. కానీ ఆ పిల్ల రహస్యంగా చెప్పుకున్న మాటను తాను విన్నారు. ఆ సంగతి ఆమెకు చెప్పకుండా ఆ వరుస కొట్టడానికి ఆయనకు చేయి రాలేదు.

వరండా చివర, కుళాయి దగ్గర ఆమెను పిలిచి నిలబెట్టారు.

"అమ్మా సుమిత్రా, నీకు తోడు రాకపోవడం నా పొరపాటు. నీ తప్పేమీ లేదు. ఇంకొక సంగతి. నువ్వు చెప్పుకున్న దిగులు నా చెవిన పడింది. కావాలని వినలేదు. అయినా విన్నాను."

పిల్ల ముఖం బిగుసుకుంది. "ఎవులికైనా సెప్పీసినారేటండి?"

"లేదు. ఇందుమతిగారికి కూడా మాట తెలియదు."

"మరి మీకెవులు సెప్పినారండి?"

"హైమావతి టీచరుగారి గొంతు. నీ మాట పొరపాటున వెళ్ళి ఆవిడ దగ్గర చేరింది. నేను ఆవిడను అడిగితే, నీది తనదే అన్నట్టు చెప్పింది."

సుమిత్ర తల వంచుకుంది. కాలి బొటనవేలితో తడినేల మీద గీసింది. తరువాత తలెత్తి, భయం కాస్త తగ్గిన గొంతుతో అడిగింది: "అయితే టీచరమ్మకి కూడా నవ్వతారని బయమేనేటండి?"

అవునంటే సరిపోతుంది. ఆ పిల్లకు ధైర్యం వస్తుంది. అది అబద్ధమని చెప్పగలవాళ్ళు లోకంలో ఎవరూ లేరు. హైమావతి పర్లాకిమిడి మాటకు నవ్విన ఇల్లు నిజం. ఆమె కూడా వాళ్ళతో నవ్వడం నిజం. ఆ మాటనే దిగులు దగ్గర రాయిస్తే, వచ్చే ఆదివారం గొంతు మళ్ళీ అదే చెబుతుంది. కొన్నాళ్ళకు ఆయన కూడా నమ్ముతారు. ఆదివారం నుంచి ఇందాకటి దాకా నమ్మారు కదా.

"తెలియదమ్మా" అన్నారు. "ఆవిడ భయమేమిటో నాకు తెలియదు. అడగవలసినప్పుడు అడగలేదు."

"ఇప్పుడు అడగండి."

"ఇప్పుడు అడిగితే నీదే చెబుతుంది."

సుమిత్రకు నవ్వొచ్చింది. నవ్వకూడదేమోనని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆయన కూడా కొంచెం నవ్వారు.

"నాది నాకు ఇచ్చీండి మేస్టారండి" అంది.

"ఇస్తాను. గట్టిగా చదవడం మాత్రం నీకు ఎప్పుడు చదవాలనిపిస్తే అప్పుడే."

ఇద్దరూ స్టాఫు రూముకు వచ్చారు. ఇందుమతి లేచి కుర్చీ ఇచ్చింది. ఆయన సుమిత్రను పక్కన నిలబెట్టుకుని, ఆమెకు కనబడేలా తెరను తిప్పి, ఒక్కొక్క మాటే పైకి చదువుతూ వరుస కొట్టారు. 'కొత్త' దగ్గర ఆగి, అది ఉందో లేదో పిల్లనే చూడమన్నారు. ఉందంది. మీట నొక్కమంటే భయంభయంగా నొక్కింది.

"సుమిత్రా, వచ్చావా? అన్నం తిన్నావా?" అంది పిల్ల చేతియంత్రంలోంచి తోడు, హైమావతి గొంతుతో.

పిల్ల మాస్టారి ముఖం చూసింది. ఆయన చెప్పమన్నట్టు తల ఊపారు.

"తిన్నానండి" అంది సుమిత్ర.

"ఏం తిన్నావో అడగలేదే అనుకుంటున్నావా? అడుగుతాను, ఉండు. ముందు ఆ చేతులు కడుక్కో. అంతా బురద."

దానికి చేతులు కనబడవు. హైమావతి ఏ పిల్ల వచ్చినా అలాగే అనేది. సుమిత్ర ఉలిక్కిపడి తన చేతులు చూసుకుంది. నిజంగానే బురద ఉంది. తన చేతియంత్రాన్ని రెండు చేతులతో గుండెలకు ఆనించుకుని బయటికి పరుగెత్తింది. వరండాలోంచి ఆమె ఏదో చెబుతోంది, ఆ గొంతు మధ్యమధ్య 'ఊఁ' కొడుతోంది. మాటలు వినబడకుండా లోకనాథం మాస్టారు కిటికీ రెక్క మూసేశారు.

జీపు ఎక్కబోతూ ఇందుమతి అడిగింది. "ఆ మూడోది ఏం పెట్టమంటారు మాస్టారూ? ఖాళీగా ఉంచితే, అడిగినప్పుడల్లా తెలియదంటుంది."

"ఆలోచించి చెబుతాను."

హైమావతి పేరు, ఊరు తిరిగి వాటి చోట పెట్టారు. దిగులు దగ్గర ఏం పెట్టాలో లోకనాథం మాస్టారు ఇంకా చెప్పలేదు.